గొల్యాతు ఎత్తు ఎంత? నెట్ బైబిల్ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న జవాబు

మన తెలుగు బైబిల్లో మొదటి సమూయేలు 17వ అధ్యాయం తెరిస్తే గొల్యాతు "ఆరుమూళ్లజేనెడు ఎత్తుమనిషి" అని ఉంటుంది. మూర అంటే మోచేతి నుంచి నడివేలి కొసదాకా, సుమారు 18 అంగుళాలు. జేన అందులో సగం. లెక్క కడితే 9 అడుగుల 9 అంగుళాలు వస్తుంది. సండే స్కూల్లో ఈ కథ చెప్పేటప్పుడు మా టీచరమ్మ గోడ మీద చెయ్యి ఎంత ఎత్తున పెట్టినా చాలక, చివరికి పైకప్పు వైపు వేలు చూపించేవారు. మేమంతా తలలెత్తి అక్కడ గొల్యాతు ముఖం ఉన్నట్టే చూసేవాళ్లం.

పెద్దయ్యాక ఇంగ్లీషులో నెట్ బైబిల్ (న్యూ ఇంగ్లీష్ ట్రాన్స్‌లేషన్ అనే అనువాదం) చదువుతూ అదే వచనం దగ్గర ఆగిపోయాను. అందులో గొల్యాతు దాదాపు ఏడడుగుల మనిషి. ఇంచుమించు మూడు అడుగులు తగ్గిపోయాడు. అనువాదకులు పొరబడ్డారా, కావాలని మార్చారా అని టెన్షన్ పడి, ఆ వచనం పక్కనున్న చిన్న అంకె పట్టుకుని పేజీ అడుగుకి వెళ్లాను. జవాబు అక్కడ ఉంది.

యూదు పండితులు తరతరాలుగా అక్షరం అక్షరం లెక్కపెట్టి కాపాడిన హెబ్రీ పాఠాన్ని మసోరెటిక్ పాఠం అంటారు. ఇప్పటి పాత నిబంధన అనువాదాల్లో చాలావాటికి అదే ప్రధాన ఆధారం. దాని సంపూర్ణ ప్రతుల్లో అన్నిటికన్నా పాతదైన లెనిన్‌గ్రాడ్ ప్రతి సుమారు 1008 నాటిది. అందులో గొల్యాతు ఆరు మూరల జేనెడు. కానీ క్రీస్తుకు ముందే హెబ్రీ నుంచి గ్రీకులోకి వచ్చిన సెప్టువజింటు పాత ప్రతుల్లో నాలుగు మూరల జేనెడు అని ఉంది. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా నాలుగనే రాశాడు. మృత సముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహల్లో దొరికిన సమూయేలు గ్రంథపు చుట్టలోనూ నాలుగే. ఆ చుట్ట లెనిన్‌గ్రాడ్ ప్రతికన్నా దాదాపు వెయ్యేళ్లు పాతది. నాలుగు మూరల జేనెడు అంటే 6 అడుగుల 9 అంగుళాలు. నెట్ అనువాదకులు ఈ సాక్ష్యాన్ని తూచి చిన్న సంఖ్య వైపు మొగ్గారు. తాము ఏది వదిలిపెట్టారో కూడా అదే పేజీలో రాసిపెట్టారు.

ఏడడుగులైతే కథ చిన్నబోతుందని అనుకునేవారు ఒకసారి 9వ అధ్యాయం చూడాలి. ఇశ్రాయేలీయులందరిలో భుజాల నుంచి పైకి ఎత్తుగా ఉన్నవాడు సౌలు. గొల్యాతుకు ఎదురు నిలవగల పొడగరి ఎవరైనా ఉన్నారంటే ఆయనే. ఆ పొడగరి రాజు వెనకే ఉండిపోతే గొర్రెల కాపరి పిల్లవాడు ముందుకు వెళ్లాడు. గొల్యాతు ఎత్తు తగ్గేకొద్దీ సౌలు భయమే మనకు ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ నెట్ బైబిల్ పుట్టుక కూడా తెలుసుకోదగ్గదే. 1995 నవంబరులో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో బైబిల్ పండితుల వార్షిక సమావేశం జరిగింది. ఇంటర్నెట్ అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న రోజులు. ఆధునిక ఇంగ్లీషు అనువాదాలు చాలానే ఉన్నా వాటిమీద కాపీరైటు ప్రచురణకర్తలది. ఎవరైనా ఒక బైబిల్ స్టడీ పాఠం తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టాలంటే అనుమతుల చిక్కు. అయితే మొదటి నుంచీ ఉచితంగా చదువుకోవడానికి, దించుకోవడానికి వీలుగా కొత్త అనువాదమే చేద్దామని అక్కడ కొందరు అనుకున్నారు. పాతిక మందికి పైగా పండితులు హెబ్రీ, అరామిక్, గ్రీకు నుంచి నేరుగా పని మొదలుపెట్టారు. హాల్ హారిస్ ఆ పనిని నడిపించారు. కొత్త నిబంధన వ్యాఖ్యల వెనుక డేనియల్ వాలెస్ పాత్ర పెద్దది. చిత్తుప్రతులనే ఇంటర్నెట్‌లో పెట్టి, తప్పులుంటే చెప్పండని చదివేవారిని అడిగారు. మొదటి సంపూర్ణ ముద్రణ 2005లో వచ్చింది. సవరించిన రూపాన్ని 2019లో థామస్ నెల్సన్ సంస్థ పూర్తి వ్యాఖ్యలతో అచ్చువేసింది.

వ్యాఖ్యలు 60 వేలకు పైనే. బైబిల్లో వచనాలు సుమారు 31 వేలు. అంటే సగటున వచనానికి రెండు. కొన్ని పేజీల్లో వాక్యం నాలుగు వరుసలుంటే మిగతాదంతా వ్యాఖ్యే ఉంటుంది. వాటికి మూడు గుర్తులు పెట్టారు. టీసీ అంటే చేతిరాత ప్రతుల్లో తేడా గురించినది, గొల్యాతు ఎత్తులాగా. టీఎన్ అంటే ఆ మాటను ఇలా ఎందుకు అనువదించామన్నది. ఎస్ఎన్ అంటే చరిత్ర, ఆచారం, సందర్భం. మూడో రకం మామూలు స్టడీ బైబిళ్లలో కూడా దొరుకుతుంది. నెట్ ప్రత్యేకత మొదటి రెండింటిలో ఉంది.

అనువాదంలో ఎప్పటి నుంచో ఒక పెనుగులాట ఉంది. మూలంలో ఉన్న మాటకు మాట పెడితే భాష బిగుసుకుపోతుంది. భావం పట్టుకుని సాఫీగా రాస్తే మూలం మాట జారిపోతుంది. నెట్ దీన్ని రెండు అంతస్తుల్లో సర్దింది. పైన సాఫీగా చదివే ఇంగ్లీషు, కింద "హెబ్రీలో ఉన్నది ఉన్నట్టు ఇలా" అన్న మాట. పైన చదివే వాడికి భక్తి ఆగదు, కింద చదివే వాడికి ప్రశ్న ఆగదు.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ 23వ కీర్తన. ఇంగ్లీషు లోకం నాలుగు వందల ఏళ్లుగా 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదపు మాటలతో దీన్ని కంఠతా పట్టింది. అందులో నాలుగో వచనం "మరణపు నీడ లోయ". నెట్ దాన్ని తీసేసి "మిక్కిలి చీకటి లోయ" అని పెట్టింది. హెబ్రీలో ఉన్న మాట త్సల్మావెత్. దాన్ని విడగొడితే త్సేల్ అంటే నీడ, మావెత్ అంటే మరణం. కానీ చాలామంది పండితులు అది అలా అతికిన మాట కాదని, చీకటి అనే అర్థమున్న వేరే ధాతువు నుంచి వచ్చిందని అంటారు. నెట్ వ్యాఖ్య ఇదంతా చెప్తుంది. తర్వాత కింగ్ జేమ్స్ "కీడుకు భయపడను" అంటే నెట్ "అపాయానికి భయపడను" అంటుంది. చివర కింగ్ జేమ్స్ "నిత్యమూ యెహోవా మందిరంలో ఉంటాను" అంటే నెట్ "బతికినంత కాలం" అంటుంది. హెబ్రీలో అక్షరాలా ఉన్నది "దినముల నిడివి వరకు" అని.

ఇంగ్లీషు పాఠకులు ఈ మార్పులకు ఉలిక్కిపడ్డారు. అంత్యక్రియల్లో వినే మాట, తాతమ్మ నోట విన్న మాట పోయిందంటే ఎవరికైనా బాధే. కానీ మన తెలుగు బైబిల్ తీసి ఆ వచనాలు చూడండి. "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను ఏ అపాయమునకు భయపడను." లోయ చీకటిదే, భయపడనన్నది అపాయానికే. ఆరో వచనంలో "చిరకాలము యెహోవా మందిరములో నేను నివాసము చేసెదను." నిత్యము అని లేదు, చిరకాలము అని ఉంది. ఇంగ్లీషువాళ్లకు కొత్తగా, కొరుకుడు పడనట్టుగా వచ్చిన అర్థాలు మూడూ మన అమ్మమ్మలు దీపం ముందు కూర్చుని చదువుకున్నవే. ఇది గమనించిన రోజు నాకు మన పాత అనువాదకుల మీద గౌరవం ఎంతగా పెరిగిందో చెప్పలేను. వాళ్లు ఆ లోయ దగ్గర ఆగి, హెబ్రీ మాట తూచి, ఒక నిర్ణయం తీసుకున్నారు. కాకపోతే ఆ నిర్ణయం వెనకున్న ఆలోచన పేజీ మీదకు రాలేదు.

యోహాను 3:16 కూడా ఇలాగే చూడాలి. మనకు "దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను." గ్రీకులో ఉన్న మాట హూతోస్, మామూలుగా దాని అర్థం "ఈ విధంగా". నెట్ అందుకే "దేవుడు లోకాన్ని ప్రేమించిన విధం ఇది" అన్న భావంతో మొదలుపెడుతుంది. ఎంత ప్రేమించాడన్నది కాదు, ఎలా ప్రేమించాడన్నది ముందుకొచ్చింది. అయితే "ఎంతో" అన్న ఛాయ కూడా ఆ వాక్యంలో ఉండవచ్చని వ్యాఖ్యలో ఒప్పుకుంది. అదే వచనంలో మొనొగెనీస్ అన్న మాటకు కింగ్ జేమ్స్ "ఒక్కడిగా పుట్టినవాడు" అన్న అర్థం తీసుకుంటే, ఇప్పటి పండితుల్లో చాలామంది "సాటిలేని ఒకే ఒక్కడు" అన్న అర్థం తీసుకుంటారు. తెలుగులో "అద్వితీయకుమారునిగా పుట్టిన వాని" అని ఉంది. అద్వితీయ అంటే రెండోది లేనిది, అంటే సాటిలేని ఒకే ఒక్కడు. పక్కనే "పుట్టిన" కూడా ఉంది. ఇంగ్లీషు అనువాదకులు ఏదో ఒకటి ఎంచుకోవలసి వచ్చిన చోట మనవాళ్లు రెండు అర్థాలనూ ఒకే చోట నిలబెట్టారు.

ఇక అసలు చిక్కుముడికి వస్తాను. రోమా పత్రిక 3:22లో, గలతీ 2:16లో పౌలు "పిస్తిస్ క్రిస్తూ" అంటాడు. అక్షరాలా "క్రీస్తు విశ్వాసం". ఇది క్రీస్తు మీద మనకున్న విశ్వాసమా, క్రీస్తు చూపిన నమ్మకత్వమా? ఈ చిక్కు తెలుగువాళ్లకు సులువుగా అర్థమవుతుంది. "పులి భయం" అంటే పులికి ఉన్న భయం కాదు, పులంటే మనకున్న భయం. "పిల్లవాడి భయం" అంటే పిల్లవాడికి ఉన్న భయం. రెండు చోట్లా వరుస ఒకటే, అర్థం ఎదురుబొదురు. పులి గురించి, పిల్లవాడి గురించి మనకు ముందే తెలుసు కాబట్టి తికమకపడం. "క్రీస్తు విశ్వాసం" దగ్గర అంత తేలిగ్గా తేలదు. తెలుగు బైబిల్ "యేసుక్రీస్తునందలి విశ్వాసము" అని ఒక వైపు తేల్చేసింది, చాలా ఇంగ్లీషు బైబిళ్లూ అంతే. నెట్ "యేసుక్రీస్తు నమ్మకత్వము" అని రెండో వైపు వెళ్లింది. గలతీ 2:20లో కూడా దేవుని కుమారుని నమ్మకత్వమే తనను బతికిస్తోందని పౌలు అన్నట్టు వస్తుంది. మనం నమ్మడం ముఖ్యం కాదని దీనర్థం కాదు, ఎందుకంటే "నమ్ము వారందరికి" అన్న మాట రోమా 3:22లోనే ఉంది. కాకపోతే బరువు మన పట్టు మీద నుంచి ఆయన పట్టు మీదకు మారుతుంది. నా విశ్వాసం చాలినంత లేదేమోనని రాత్రుళ్లు నలిగిపోయేవాళ్లను మన సంఘాల్లో నేను చూశాను. ఆ ఒక్క వ్యాఖ్య వాళ్ల చేతికి అందితే బాగుండునని నాకు చాలాసార్లు అనిపించింది.

నెట్ మీద గట్టి విమర్శ తెచ్చిన వచనం యెషయా 7:14. అక్కడున్న హెబ్రీ మాట అల్మా. వయసుకొచ్చిన అమ్మాయి అని దాని అర్థం. సెప్టువజింటు దాన్ని గ్రీకులో పార్థెనోస్ అని, అంటే కన్య అని పెట్టింది. మత్తయి 1:23 ఆ గ్రీకు మాటనే ఎత్తుకుంది. 1952లో రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ యెషయాలో "యువతి" అని వేసినందుకు నార్త్ కరోలినాలో ఒక పాస్టరు ఆ పేజీని అందరి ముందూ తగలబెట్టాడు. నెట్ కూడా యెషయాలో "ఈ యువతి" అనే పెట్టింది. మత్తయిలో మాత్రం "కన్యక" అనే ఉంచింది. యెషయా తన కాలపు ఆహాజు రాజుతో మాట్లాడుతున్నాడు, మత్తయి అదే మాటలో ఇంకా పెద్ద నెరవేర్పు చూశాడు, ఎవరి మాట వారిని చెప్పనిద్దాం అన్నది వాళ్ల తర్కం. ఈ అనువాదకులు కన్య గర్భాన యేసు పుట్టుకను నమ్మేవాళ్లే. నమ్మకం ఉండి కూడా హెబ్రీ మాట మీద దాన్ని రుద్దలేదు. తెలుగులో రెండు చోట్లా "కన్యక" అని ఉంది. నన్నడిగితే మన మాట ఇంగ్లీషు మాటంత బిగుతైనది కాదు. కన్యాదానం అన్నప్పుడు మన మనసులో ముందు వచ్చేది పెళ్లికావలసిన అమ్మాయే. అల్మాకు, పార్థెనోస్‌కు మధ్య ఉన్న ఆ సందు తెలుగు కన్య అన్న మాటలోనే కొంత ఉంది.

చేతిరాత ప్రతుల తేడాలు చాలా ఉన్నాయి, రెండు చెప్పి ముందుకెళ్తాను. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు నాలుగో శతాబ్దపు సినాయితికస్, వాటికానుస్ ప్రతుల్లో లేవు. నెట్ వాటిని తీసెయ్యకుండా జంట బ్రాకెట్ల మధ్య పెట్టి కారణం రాసింది. రెండోది మొదటి యోహాను 5:7. కింగ్ జేమ్స్‌లో అక్కడ పరలోకంలో తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ సాక్ష్యమిస్తున్నారన్న మాట ఉంటుంది. గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేసిన ఎరాస్మస్ 1516, 1519 ముద్రణల్లో ఆ మాట లేదు, 1522లో చేర్చాడు, అక్కడి నుంచి అది ఇంగ్లీషుకు పాకింది. పాత గ్రీకు ప్రతుల్లో అది లేదు. మన తెలుగు బైబిల్లోనూ లేదు. "ఆత్మయు, నీళ్లును, రక్తమును" అనే ముగ్గురే ఉంటారు. నెట్ లాంటి కొత్త బైబిళ్లు త్రిత్వాన్ని తీసేశాయని వాట్సాప్‌లో వీడియోలు పంపేవారికి నేను ఇదే చెప్తుంటాను. మీ చేతిలో ఉన్న, మీ నాన్నగారు చదివిన తెలుగు బైబిల్ తెరిచి చూడండి, ఆ వాక్యం అందులోనూ ఉండదు. త్రిత్వ విశ్వాసం ఆ ఒక్క వాక్యం మీద నిలబడలేదు.

మరి మన బైబిల్ పేజీల అడుగున ఇలాంటి వివరణలు ఎందుకు లేవు? దీనికి చరిత్ర ఉంది. 1560 నాటి జెనీవా బైబిల్ నిండా పక్క వ్యాఖ్యలే. కొన్ని వ్యాఖ్యల్లో రాజును ధిక్కరించడం తప్పు కాదన్న ధోరణి ఉందని జేమ్స్ రాజుకు కోపం. అందుకే తన పేరున వచ్చిన అనువాదంలో హెబ్రీ, గ్రీకు మాటలు విప్పడానికి తప్ప వ్యాఖ్యలు ఉండకూడదని నియమం పెట్టించాడు. 1804లో లండన్‌లో పుట్టిన బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ ఇంకో అడుగు వేసి "వ్యాఖ్య లేకుండా, టిప్పణి లేకుండా" అన్నది తన మూలసూత్రం చేసుకుంది. దాని వెనుక మంచి కారణమే ఉంది. రకరకాల సంఘాలవాళ్లు కలిసి ఒకే బైబిల్ పంచాలంటే ఎవరి సిద్ధాంతం వాళ్లు అడుగున రాసుకుంటే కుదరదు. 1805లో విశాఖపట్నం చేరిన జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్‌లు ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుని సాయంతో మొదలుపెట్టిన పనిలోంచి 1812లో శ్రీరాంపూర్‌లో తెలుగు సువార్తలు అచ్చయ్యాయి. అప్పటి నుంచి మన ఇళ్లకు బైబిల్ చేరింది ఎక్కువగా బైబిల్ సొసైటీల ద్వారానే. అలా మనకు వాక్యం దొరికింది, ఆ వాక్యం చుట్టూ జరిగిన ఆలోచన మాత్రం దొరకలేదు. కాబట్టే ఏదైనా అనువాదంలో తేడా కనిపించగానే ఎవరో బైబిల్‌ను చెడగొట్టారన్న అనుమానం ముందు వస్తుంది.

నెట్‌లో లోపాలు లేవని అనను. దాని ఇంగ్లీషు గట్టిగా చదివితే చప్పగా ఉంటుంది, కీర్తనల్లో మరీ. ఆరాధనలో చదవడానికి నేను దాన్ని తీసుకోను. అనువాదకుల్లో ఎక్కువమంది అమెరికా ఇవాంజెలికల్ ప్రొటెస్టెంట్లు. డాలస్‌లోని ఒకే సెమినరీతో సంబంధమున్నవాళ్లు వారిలో చాలామంది. వివరణలు ఎంత విశాలంగా ఉన్నా ఏ ప్రశ్న అడగాలన్నది ఆ వర్గపు బుర్రలోంచే వచ్చింది. కాథలిక్కులు వాక్యంగా స్వీకరించే తోబీతు, మక్కబీయులు వంటి గ్రంథాలు అందులో లేవు. పైగా "కొందరు పండితులు" అని మొదలయ్యే వ్యాఖ్యలు వరసగా పది చదివితే కొత్తవాడికి ఏదీ నిలకడగా లేదనిపించే ప్రమాదం ఉంది. బైబిల్ స్టడీలో వాడేటప్పుడు ముందు అధ్యాయం మొత్తం చదివి, తర్వాత కిందికి దిగడం మేలని నా అనుభవం.

అన్నిటికన్నా ముఖ్యంగా, నెట్ జవాబులు ఇంగ్లీషు అడిగిన ప్రశ్నలకు. తెలుగు అడిగే ప్రశ్నలు వేరు. గ్రీకులో "అతడు" అనడానికి ఒకే మాట, ఇంగ్లీషులోనూ ఒకటే. తెలుగు అనువాదకుడికి ప్రతి చోటా ఆయనా, అతడా అన్న నిర్ణయం తప్పదు. మన బైబిల్ సువార్తల్లో యేసును ఆయన అంటుంది. కానీ యెషయా 53లో "మన యతిక్రమక్రియలనుబట్టి అతడు గాయపరచబడెను" అంటుంది. గుడ్ ఫ్రైడే నాడు ప్రతి సంఘంలోనూ యేసు గురించే ప్రసంగించే అధ్యాయమది. అయినా అనువాదకులు ఆయన అని రాయలేదు, ప్రవక్త పేరు చెప్పని ఆ సేవకుణ్ణి పేరు చెప్పకుండానే ఉంచారు. ఎందుకో తెలియజేసే వ్యాఖ్య అక్కడ ఉంటే ఎంత బాగుండేది!

మార్కు 4:38 ఇంకో చోటు. పడవ తుఫానులో ఊగిపోతుంటే శిష్యులు యేసును లేపి "మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా" అంటారు. గ్రీకుకు మేము, మనం అన్న తేడా లేదు. ఇంగ్లీషుకూ లేదు కాబట్టి ఆ తేడా వాళ్లకు అడ్డు రాదు. తెలుగులో మేము అనగానే యేసు ఆ మునకలోంచి బయట ఉన్నాడు. ఆయనకేమీ కాదని శిష్యులకు అప్పటికే తెలిసినట్టు అవుతుంది. మనము అంటే ఆయన కూడా వాళ్లతో పాటు మునిగిపోతున్న మనిషే, ఆయనెవరో వాళ్లకింకా తెలియలేదు. మూడు వచనాల తర్వాత "ఈయన ఎవరో" అని వాళ్లు భయపడి ఒకరితో ఒకరు అనుకుంటారు కాబట్టి రెండోదే సరేమోనని నాకు అనిపిస్తుంది. ఆ "మేము" మీద ఒక చిన్న అంకె, పేజీ అడుగున "మనము అని కూడా చదవవచ్చు" అన్న ఒక్క వరుస రాసే పని తెలుగు తెలిసినవాళ్లదే.